సూది కంటే ముందు పేరు



నేను కలకత్తాలో ప్రజారోగ్య చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇవాళ మా అమ్మ చేతి దగ్గర మొదలుపెడతాను.

పోయినేడాది అమ్మ నన్ను చూడ్డానికి ఇక్కడికొచ్చి జ్వరంతో పడింది. ఒక ఆసుపత్రిలో రక్తపరీక్ష రాశారు. పెద్ద లైను. నర్సు తలెత్తకుండానే చేతికి రబ్బరు పట్టీ బిగించి, 'ఎక్టు లాగ్బే' అంది. బెంగాలీలో 'కొంచెం నొప్పేస్తుంది' అని అర్థం. అమ్మకు అది 'లాగవే' అని వినబడింది. చెయ్యి లాగేసుకుంది. నర్సు కసురుకుంది. మూడు చోట్ల గుచ్చి ఎలాగో తీసింది. మర్నాడు వెళ్తే శాంపిల్ పనికిరాదు, మళ్లీ ఇవ్వాలన్నారు.

అమ్మ నా మొహంలోకి చూసి అడిగింది: "నా నెత్తురు గూడ పనికిరాదంటనా బిడ్డా?"

అప్పుడు నోరు పెగల్లేదు. ఆ జవాబు ఇవాళ చెప్తాను.

అమ్మ నెత్తురు బాగానే ఉంది. తీసిన తీరు బాగాలేదు. సూదిని లోపల అటూ ఇటూ కదిపినా, సిరంజిని గట్టిగా లాగినా ఎర్రకణాలు పగులుతాయి. వాటిలోని పొటాషియం బయటికొచ్చి, లేని జబ్బును రిపోర్టులో చూపిస్తుంది. పట్టీని నిమిషం దాటి బిగించి ఉంచినా లెక్కలు మారతాయి. రోగి ఎదుటే ట్యూబు మీద పేరు రాయకపోతే ఒకరి రక్తం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. అందుకే రోగితోనే పేరు చెప్పించుకోవాలి, ఏం చేయబోతున్నామో చెప్పాలి, ఒప్పుకున్నాకే గుచ్చాలి. రక్తం తీయడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇవే చెప్తాయి. మర్యాద తప్పితే రిపోర్టూ తప్పుతుంది.

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బాబాసాహెబ్ ఒక ఉత్తరాన్ని మన ముందు పెట్టారు. 1929లో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. కాఠియావాడ్‌లో ఒక అంటరాని ఉపాధ్యాయుడి భార్య, బాలింత, జబ్బుపడింది. డాక్టరు ఆమెను ముట్టుకోలేదు. థర్మామీటర్ ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. ఆమె బతకలేదు.

థర్మామీటర్‌ను చేతులు మార్చి పంపొచ్చు. రక్తం తీయాలంటే మాత్రం ముట్టుకోక తప్పదు. అందుకే ఇవాళ దూరం వేరే రూపాల్లో వస్తుంది: తలెత్తని చూపు, అడగని పేరు, 'నువ్వు' అనే పిలుపు.

చరిత్రలోనూ ఇంతే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన దోమకు ఒక అణా ఇచ్చారు. మరుసటి ఏడాది ఈ కలకత్తాలో, ప్లేగు టీకాల భయంతో జనం రాస్‌ను వేలు గుచ్చనివ్వలేదు. ఆయన పక్షుల మలేరియా వైపు మళ్లడానికి అదొక కారణం. దాన్ని జనం అజ్ఞానం అని కొట్టిపారేయడం తేలిక. అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ లేనిచోట, చెయ్యి వెనక్కి తీసుకోవడమే పేదవాడికి మిగిలిన మాట. మా అమ్మ చేసిందీ అదే. అదే 1897లో, మార్చి 10న, పుణేలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి ఫూలే ఆ జబ్బుతోనే కన్నుమూశారు. సంరక్షణకు మన కొలమానం ఆమె.

ఆ మొదటి నర్సును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె ముందున్న లైను నేనూ చూశాను. పొరపాటున సూది ఆమెకు గుచ్చుకుంటే హెపటైటిస్, హెచ్‌ఐవీ భయం ఆమెదే. వాడిన సూదులు గుచ్చుకోని తెల్లడబ్బాలో పడాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెప్తున్నాయి. అవి మామూలు సంచిలో పడితే ఎవరి చేతికి గుచ్చుకుంటాయో, ఆ చేతులు ఏ వాడల నుంచి వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి రోగి మర్యాద అడిగేటప్పుడు చాలినంత మంది నర్సుల్నీ, సఫాయి కార్మికులకు రక్షణనీ కలిపే అడగాలి.

రెండోసారి ఇంకో నర్సు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, "ఆప్నార్ నామ్?" అంది. 'నామ్' అమ్మకు అర్థమైంది. ఇంటిపేరుతో సహా చెప్పింది. సైగలతో ఏం చేస్తుందో చూపించి, అమ్మ తలూపాక ఒక్కసారే గుచ్చింది. తీశాక దూది పెట్టి తానే అదిమి పట్టుకుంది.

అమ్మకు రిపోర్టులో ఏముందో గుర్తులేదు. "నా పేరడిగింది" అని మాత్రం ఇప్పటికీ చెప్తుంది.

మీలో నర్సులయ్యేవాళ్లు, ల్యాబుల్లో చేరేవాళ్లు, మనుషుల నుంచి శాంపిళ్లు తీసుకుని పరిశోధన చేసేవాళ్లు ఉన్నారు. సూది పట్టుకునే ముందు పేరు అడగండి.

జై భీమ్.