తాళం చూసి పేరు కొట్టేస్తే అది న్యాయమా?

(ఇండ్ల స్థలాలు, పక్కా ఇండ్ల కేటాయింపుపై ఆదోని సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ దసరాకు ముందే జరగాలని మేము పట్టుబట్టినాం. ఎందుకో మీకు చెప్పే పని లేదు. దసరా, దీపావళి దాటినాయంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు, ఆస్పరి పల్లెల్లో ముసలివాళ్లు తప్ప మన మాట వినేవాళ్లు దొరకరు. మూటాముల్లె, వంటసామాను, పిల్లలు అందరూ ఒకే లారీలో గుంటూరు దిక్కు పోతారు. పత్తి తీయడానికి ఒకసారి, మిరపకాయలు కోయడానికి ఇంకోసారి. ఉగాదికి మళ్లీ ఊరు చేరుతారు. దీన్నే మనం సుగ్గి అంటాం. కన్నడంలో సుగ్గి అంటే కోతల పండుగ. మనకాడ అదే మాటకు ఊరు విడిచిపోవడం అని అర్థం వచ్చింది. పక్క భాషలో పండుగైన మాట మన నోట్లో వలస ఎట్లయిందో ఆలోచిస్తే, ఈ ప్రాంతం చరిత్ర సగం తెలిసిపోతది.

ఈరోజు మాట్లాడాల్సింది ఇండ్ల గురించి. ప్రభుత్వం ఇచ్చే స్థలం ఎవరికి పోతాంది, ప్రభుత్వం కట్టే ఇల్లు ఎవరికి దక్కుతాంది, ఎవరికి దక్కడం లేదు అనే దాని గురించి.

ఇండ్లలో అన్యాయం అనగానే మనకు రెండు మాటలు గుర్తుకొస్తాయి. ఒకటి లంచం, రెండోది పార్టీ. రెండూ నిజమే. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. కట్టని ఇండ్లకు బిల్లులు ఎత్తుకున్నారని రాష్ట్రమంతా గోల అయింది, విచారణలు జరిగినాయి. ఏ పార్టీ ఏలినా జాబితా రాసే చేతుల్లో ఆ పార్టీ వాసన ఉంటదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. కానీ మేము ఈరోజు ఇంకో మాట చెప్పాలనుకుంటున్నాం. ఒక్క రూపాయి లంచం లేకుండా, ఒక్క నాయకుడి చీటీ లేకుండా, నిబంధనల పుస్తకం ప్రకారం అక్షరం తప్పకుండా జాబితా రాసినా సరే, మన పడమటి పల్లెల్లో అందరికన్నా పేదవాడి పేరు అందులో ఉండదు. ఎందుకంటే జాబితా రాసేవాడు వచ్చినప్పుడు ఆ పేదవాడి ఇంటికి తాళం ఉంటది.

ఒక పల్లెలో మేము కళ్లారా చూసినాం. అర్హుల జాబితా గోడకు అంటించినారు. పేర్లు లేనివాళ్లు ఎందుకు లేవని అడిగితే, వాళ్లు ఊర్లో ఉండరని, ఇంటికి పోతే తాళం ఉందని చెప్పినారు. పక్కనే నిలబడ్డ ముసలమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి చూపించింది. కొడుకూ కోడలూ సుగ్గికి పోతా ఆమె చేతికి ఇచ్చిపోయిన తాళంచెవి అది. "తాళంచెవి నా కొంగులో ఉంటే మేము ఊర్లో లేమని ఎట్ల రాస్తారు నాయనా?" అని అడిగింది. మాలో డిగ్రీలు చదివినవాళ్లం నలుగురం ఉన్నాం అక్కడ. ఒక్కరమూ జవాబు చెప్పలేకపోయినాం.

ఇప్పుడు నిబంధనలు ఒక్కొక్కటే చూద్దాం.

2020 డిసెంబర్ 25న రాష్ట్రంలో 30 లక్షలకు పైగా ఇండ్ల పట్టాల పంపిణీ మొదలుపెట్టినారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. పండుగ చేసినారు, ఫోటోలు దిగినారు. ఆ ఫోటోలు మేము కూడా అచ్చేసినాం. కానీ మిత్రులారా, డిసెంబర్ 25 అంటే మన పడమటి పల్లెల్లో ఏమిటి? సుగ్గి నడిమధ్య. ఆ తారీఖు పెట్టినవాళ్లకు మన మీద పగ ఏమీ లేదు. మనం గుర్తుకే రాలేదు, అంతే. పగ కన్నా అది చిన్న అన్యాయం అని మేము అనుకోవడం లేదు. ఫోటోలో ఎవరున్నారో రాసిన మేము, ఫోటోలో ఎవరు లేరో లెక్కపెట్టలేదు. ఆ తప్పు మాది. ఈ వేదిక మీదనే ఒప్పుకుంటున్నాం.

రెండోది భూమి లెక్క. స్థలం రావాలంటే మాగాణి రెండున్నర ఎకరాలు, మెట్ట ఐదెకరాలు మించకూడదు. కోనసీమలో రెండున్నర ఎకరాల మాగాణి ఉన్న రైతునూ, హొళగుందలో ఆరెకరాల మెట్ట ఉన్న రైతునూ పక్కపక్కన నిలబెట్టండి. మొదటాయన అర్హుడు. రెండో ఆయన అనర్హుడు, వాన రాకపోతే పెండ్లాం బిడ్డలతో లారీ ఎక్కుతాడు. కాగితం మీద భూస్వామి, గుంటూరు చేలల్లో కూలి!

మూడోది కట్టుకునే గడువు. 2025 జనవరిలో ఇప్పటి ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇస్తామని ఉత్తర్వులిచ్చింది. స్థలం పెంచినందుకు మెచ్చుకుంటున్నాం. కానీ ఇచ్చిన రెండేండ్లలో ఇల్లు కట్టుకోవాలన్నారు. సుగ్గికి పోయే కుటుంబానికి రెండేండ్లంటే ఊర్లో ఉండేది సగం కాలమే. ఇల్లు కట్టేటప్పుడు బిల్లు దశల వారీగా వస్తది. బేస్‌మెంట్‌కు ఒక ఫోటో, గోడలకు ఒక ఫోటో, స్లాబ్‌కు ఒక ఫోటో. ఫోటో లేకపోతే బిల్లు లేదు. బిల్లు లేకపోతే పని ఆగుతది. పని ఆగితే 'ఆసక్తి లేదు' అని రాస్తారు. ఇల్లు కట్టుకోవడానికి డబ్బుల కోసమే మనిషి సుగ్గికి పోయినాడు. సుగ్గికి పోయినాడు కాబట్టి ఇల్లు వద్దన్నాడని రాసినారు. ఇంతకన్నా ఎగతాళి ఉంటదా?

పల్లె సంగతి ఇట్లుంటే పట్నం సంగతి ఇంకోరకం. ఆదోని మార్కెట్‌యార్డులో మూటలు మోసే హమాలీ, జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే అక్క, వీళ్లలో ఎంతోమంది పల్లెల నుంచి వచ్చి బాడుగ గదుల్లో ఉంటున్నారు. కార్డు పల్లెలో ఉంటది, కాపురం పట్నంలో ఉంటది. పట్నంలో అడిగితే నీ కార్డు ఇక్కడిది కాదంటారు. పల్లెలో అడిగితే నువ్విక్కడ ఉండడం లేదు కదా అంటారు. బాడుగ ఇంటి యజమాని కాగితం రాసి ఇవ్వడు. పదేండ్లు బాడుగ కట్టినవాడికి, నేను ఈ ఊరివాణ్ని అని చెప్పుకోవడానికి ఒక్క కాగితం దొరకదు.

ఎమ్మిగనూరుకు పోదాం. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మగ్గం శబ్దం మీద బతికిన ఊరు. టిడ్కో ఇండ్లు ఈ ఊరికీ వచ్చినాయి, ఆదోనికీ వచ్చినాయి. నాలుగంతస్తుల భవనాలు, 300, 365, 430 చదరపు అడుగుల ఇండ్లు. మేము అడిగేది ఒకటే. గుంత మగ్గం మూడో అంతస్తులో ఎక్కడ తవ్వాలి? నేతగానికి ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాదు, కూడు పుట్టే చోటు. లాటరీలో పేరొచ్చింది, సంతోషం. కానీ మగ్గం కింద వదిలి మనిషి పైకెక్కితే ఆ ఇల్లు ఎవరికి ఉపయోగం? ఆ టిడ్కో కథ కూడా గుర్తుపెట్టుకోండి. మొదట 7 లక్షల ఇండ్లన్నారు. 2019 తర్వాత 2,62,216కు తగ్గించినారు. 300 అడుగుల ఇల్లు రూపాయికే అన్నారు. మిగతా రెండు రకాలకు బ్యాంకు అప్పు పెట్టినారు. రాష్ట్రంలో చాలాచోట్ల ఇంటి తాళంచెవి రాకముందే బ్యాంకు నోటీసు వచ్చింది. పేరు ఉన్నవాళ్లది ఈ కథ. పేరు లేనివాళ్లకు కథ కూడా లేదు.

అందరికీ ఒకే రూలు పెట్టినాం కదా, ఇందులో అన్యాయం ఎక్కడుందని అధికారులు అడుగుతారు. దీనికి జవాబు ఎక్కడో ఇంగ్లండులో దొరికింది మాకు. అక్కడ మునిసిపాలిటీలే ఇండ్లు కట్టి బాడుగకు ఇస్తాయి. ఎవరికి ముందు, ఎవరికి వెనక అనేది రాతపూర్వకంగా ప్రకటించి ఉంచాలని 1996 నాటి చట్టం చెప్తది. ఇల్లు లేనివాళ్లకు, ఇరుకు గదుల్లో ఉండేవాళ్లకు, రోగాలున్నవాళ్లకు ప్రాధాన్యం ఉండాలి. లండన్‌లో హిలింగ్డన్ అనే మునిసిపాలిటీ పదేండ్లు వరసగా మా ఊర్లో ఉన్నవాళ్లకే ఇండ్ల జాబితాలో చోటు అన్నది. ఐరిష్ ట్రావెలర్స్ అని అక్కడ తరతరాలుగా సంచార జీవనం ఉన్న జనం ఉన్నారు. ఒకేచోట పదేండ్లు ఉండడం వాళ్ల బతుకులో కుదరదు. కోర్టుకు పోయినారు. ఈ రూలు అందరికీ ఒకటే అయినా సంచార జనానికి ప్రత్యేకంగా నష్టం చేస్తాందని, అది సమర్థనీయమని మునిసిపాలిటీ చూపించలేకపోయిందని 2019లో అప్పీలు కోర్టు తేల్చింది. మన తాళం వేసిన ఇండ్ల న్యాయమూ అదే. ఒకే కొలబద్ద అందరికీ పెడితే న్యాయం అయిపోదు. ఆ కొలబద్ద ఎవరి బతుకు చూసి చేసినారో అడగాలి.

మన బతుకు చూసి చేసింది కాదు, స్పష్టంగా. 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. అప్పుడు అర్జీ మదరాసుకు పోయేది. తర్వాత కర్నూలుకు, ఆ తర్వాత హైదరాబాదుకు, ఇప్పుడు అమరావతికి. రాజధానులు నాలుగు మారినాయి, అర్జీ పట్టుకున్న చేయి మారలేదు. తుంగభద్ర దిగువ కాలువకు మన వాటా 24 టీఎంసీలు అని కాగితం మీద ఉంది. కర్ణాటకలో ఎక్కువ దూరం పారి మన చివరి పొలాల దాకా వచ్చేసరికి ఎంత మిగులుతాందో రైతును అడగండి. నీళ్లు రాలేదు కాబట్టి సుగ్గి. సుగ్గి కాబట్టి తాళం. తాళం కాబట్టి ఇల్లు లేదు. నీళ్ల అన్యాయమే ఇండ్ల అన్యాయంగా మారి మళ్లీ మన గడపలోకి వస్తాంది.

అయితే మనల్ని మనం కూడా అడుగుదాం. రేపు మన రాష్ట్రం మనకు వచ్చిందనుకుందాం. అప్పుడు జాబితా ఎవరు రాస్తారు? ఉద్యమంలో ముందు నడిచినవాళ్ల బంధువుల పేర్లు ముందు రాస్తే, సుగ్గికి పోయినవాడికి ఏం ఒరిగినట్లు? 'మనవాడు, కొంచెం చూడండి' అని మాలో కొందరం కూడా ఫోన్లు చేసినాం. ఆ ఫోను వల్ల జాబితాలోకి వచ్చిన ప్రతి పేరుకు, జాబితా నుంచి పోయిన ఒక పేరు ఉంది. ఆ పోయినవాడు ఊర్లో లేడు కాబట్టి మనతో కొట్లాడలేదు. ఈ సభ నుంచి అట్లాంటి ఫోన్లు బంద్ చేస్తామని మేము మాట ఇస్తున్నాం. మీరూ ఇవ్వండి.

ఇక మన డిమాండ్లు. ఒకటి, పడమటి మండలాల్లో ఇండ్ల సర్వే ఉగాది తర్వాత, దసరాకు ముందు జరగాలి. రెండు, తాళం ఉందన్న కారణంతో ఏ పేరూ కొట్టేయకూడదు. గ్రామసభలో చదివి వినిపించి, మనిషి తిరిగి వచ్చేదాకా ఆ పేరును పక్కన ఉంచాలి. మూడు, అనర్హుల జాబితా కూడా కారణంతో సహా గోడకు అంటించాలి. ప్రభుత్వ పథకాల్లో లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనే చెప్తాంది. నాలుగు, నీటి వసతి లేని మెట్టకు ఐదెకరాల లెక్క మార్చాలి. ఐదు, కట్టుకునే గడువులో సుగ్గి నెలలు కలపకూడదు. ఆరు, బాడుగకున్నవాళ్లకు పని చేసే చోట ఇచ్చిన కాగితాన్ని ఆధారంగా తీసుకోవాలి. ఏడు, నేతగానికి నేల మీద ఇల్లు, మగ్గానికి చోటు ఇవ్వాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్తగా కోట్లు ఖర్చు కావు. మనుషులు ఎప్పుడు ఊర్లో ఉంటారో తెలుసుకుంటే చాలు.

ప్రభుత్వం వినేదాకా మనం ఊరికే కూర్చోవద్దు. ఈసారి లారీ ఎక్కేముందు ప్రతి కుటుంబం ఒక అర్జీ రాయండి. 'మేము ఈ ఊరివాళ్లమే, కూలికి పోతున్నాం, ఫలానా నెలలో వస్తాం, మాకు ఇల్లు లేదు' అని. సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు నకలు ఇంట్లో ఉండే పెద్దవాళ్ల దగ్గర పెట్టండి. రాయడం రానివాళ్లకు మేము రాసిపెడతాం, ఊరూరూ తిరుగుతాం. చదువుకున్న పిల్లలు మాతో రండి. ఒక్కో ఊరికి ఒక నోటుపుస్తకం పెట్టి, ఎవరు ఏ రోజు పోయినారో, ఎవరి ఇంటికి తాళం ఉందో మనమే రాద్దాం. రేపు జాబితా గోడ మీద పడినప్పుడు ఆ పుస్తకం పక్కన పెట్టి చదువుదాం.

ఆ ముసలమ్మకు మేము ఆ రోజు జవాబు చెప్పలేదు. మళ్లీ సర్వేకు ఎవరన్నా వచ్చినప్పుడు ఆమె కొంగులో తాళంచెవి పక్కన ఒక రసీదు కూడా ఉండాలి. ఆ పని దసరాలోపు చేద్దాం. రేపు పొద్దున కౌతాళం నుంచి మొదలుపెడుతున్నాం. వచ్చేవాళ్లు సభ అయినాక పేర్లు ఇవ్వండి.

సెలవు.