పాత వాద్యములకు వెల కట్టుట



బదిలీ యగునప్పుడును, పదవీ విరమణ చేసి స్వస్థలమునకు మరలునప్పుడును, కలకత్తాలోని తెలుగు గృహములలో ఒక చర్చ తప్పక బయలుదేరును. తాతగారు తెచ్చిన బొబ్బిలి వీణనో, ఇచ్చటనే కొన్న ద్వార్కిన్ హార్మోనియమునో ఏమి చేయవలెను? ఇంటి కుఱ్ఱవాడు అంతర్జాలపు వేలములను తెఱచి, "ఇట్టిదే లక్ష రూపాయలట!" అనును. అది అమ్మువాడు కోరిన ధర. కొన్నవాడు ఇచ్చిన ధర కాదు. ఈ భేదము తెలియక కొందఱు ఆశపడి భంగపడుచున్నారు. తక్కువ అంకె కనబడినచో మంచి వీణ పాత సామానులవాని బండి కెక్కుచున్నది. ఈ రెండవదే ఎక్కువ నష్టము.

ముగిసిన వేలపు ధరయు సత్యము నంతటిని చెప్పదు. 2017లో లాస్ ఏంజిలిస్ నగరమున ఒక సితారు 62,500 డాలర్లకు అమ్ముడు పోయెను. అది కలకత్తాలోని కనైలాల్ అండ్ బ్రదర్ వారి తయారీయే; కాని 1965లో బీటిల్స్ బృందపు జార్జి హారిసన్ వద్ద నుండినది. ఆ ధనము హారిసన్ పేరునకు చెల్లినది గాని, కఱ్ఱకును బుఱ్ఱకును కాదు. అదే దుకాణపు సితారు మన యింట నున్నదని ఆ లెక్క వేసికొనుట, రాజుగారి గుఱ్ఱపు జీనుకు వచ్చిన వెలను జట్కాబండి జీనుకు అడుగుట వంటిది.

1721 నాటి "లేడీ బ్లంట్" స్ట్రాడివేరియస్ వయొలిన్ 2011లో అంతర్జాల వేలముననే దాదాపు 98 లక్షల పౌండ్లు పలికెను. దాని పూర్వపు యజమానులెవరో లోకమునకు తెలియును. ఆ పేరే అచ్చువేసిన చీటీ అంటించిన కార్ఖానా వయొలిన్లు మాత్రము కోకొల్లలు. హార్మోనియము మూతపై పేరు పలకయు అట్టిదే. నాలుగు మరలతో ఏ పెట్టె కైనను బిగింపవచ్చును.

కావున చూడవలసినది లోపల. హార్మోనియము తిత్తి చినిగినచో మార్చవచ్చును. శ్రుతికై పలుమాఱు ఆకురాయి పెట్టి అరగదీసిన ఇత్తడి రీడ్లకు పూర్వపు బలము రాదు. వీణ మెట్లను నిలుపు మైనము ఎండినచో క్రొత్తగా పోయింపవచ్చును. ఏక పనస దుంగతో తొలిచిన బొబ్బిలి వీణకు దండి వంగినను, కుండ చీలినను కష్టము. ఛాయాచిత్రములో వంపు కనబడదు, నాదము వినబడదు.

విదేశపు ధర ఇచ్చటివారికి అందునది కూడ కాదు. నూఱేండ్లు దాటిన కళాఖండములను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయుట 1972 నాటి పురావస్తు చట్టముచే నిషిద్ధము. దంతపు నగిషీ యున్నచో వన్యప్రాణి చట్టము స్వదేశములోను అమ్మకము నాపును. పైగా వేలపు రుసుము, మరమ్మతు, దారిలో పగులు భయము.

అమ్మదలచినవారు, కొనుటకు ఆశపడని వైణికునిచేత ఒక గంటసేపు వాయింపించి వినవలెను. మరమ్మతు ఖర్చును రవీంద్ర సరణిలో ఇద్దఱు పనివాండ్రను వేఱువేఱుగ అడుగవలెను. ట్రంకుపెట్టెలో అడుగున పడియున్న కొన్ననాటి రసీదును వెదకి తీసి, వాద్యము ఎవరినుండి ఎవరికి వచ్చెనో, ఇంటి పెద్దవారు చెప్పగలిగి యుండగనే వ్రాసికొనవలెను.