పాత ట్రాలీ కొనబోవు రైతులకు
(మహదేవపూర్ రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రత్తి, మిర్చి పంటలు ఇల్లు చేరిన నాటి నుండి మన ప్రాంత రైతునకు కిరాయి బండి చింత మొదలగును. ప్రత్తి జిన్నింగు మిల్లుకు పోవలెను. మిర్చి బస్తాలు భూపాలపల్లి, పరకాల మీదుగా వరంగల్ ఎనుమాముల మార్కెటుకు చేరవలెను. పంట ముమ్మరముగా నున్న దినములలో ట్రాలీ యజమాని చెప్పినదే కిరాయి. అట్టి సమయమున 'ఈ సొమ్ముతో ఒక పాత బండి కొనిన పోలేదా?' అను ఆలోచన పలువురకు కలుగుచున్నది. ఆ ఆలోచన మంచిదే. కాని అమ్మువాడు చెప్పిన వెల బండి అసలు వెలలో ఒక భాగము మాత్రమే. మిగిలిన భాగము కొనిన తరువాత తెలియును.

చిన్న సరకు బండ్లు మనకు క్రొత్తవి కావు. 1980 దశకమున మన జహీరాబాదులోనే ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారైనవి. డి.సి.ఎం. టొయోటా వారి బండి పేరు మన నోట ఎంతగా నిలిచిపోయినదనగా, ఏ కంపెనీ మధ్యరకపు లారీనైనను నేటికిని మనవారు 'డీసీఎం' అనియే పిలుచుచున్నారు! 2005లో టాటా ఏస్ వచ్చిన పిదప మారుమూల పల్లెలకు సైతము చిన్న ట్రాలీ చేరినది. అందుచేత పాత బండ్లకు కొదువ లేదు. మంచిదానిని ఏరుకొనుటయే కష్టము.

బండి చూచుటకు ఉదయముననే, చెప్పకుండ పొండు. ముందుగా బానెట్టుపై చేయి వేసి చూడుడు. వేడిగా నున్నచో మీరు రాకమునుపే ఇంజను నడిపియుంచినారని గ్రహింపవచ్చును. చల్లని ఇంజను స్టార్టు చేయించి పొగ గమనింపుడు. నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నదని, నల్లపొగ ఆగకుండ వచ్చినచో డీజిలు సరిగా మండుటలేదని అర్థము. రెండవది బాగుచేయించుకొన వచ్చును. మొదటిది పెద్ద ఖర్చు. రంగు చూచి మోసపోరాదు. బండి క్రిందికి దూరి ఛాసిస్‌ను చూడుడు. దానిపై పగుళ్ళుగాని, వెల్డింగు అతుకులుగాని కనిపించినచో ఎంత చౌకయైనను ఆ బండి వలదు. కమాను పట్టీలు చదునుగా దిగిపోయియున్నచో ఆ బండి ఏండ్ల తరబడి మితిమీరిన బరువు మోసినదని తెలియును. టైర్లు ఒక ప్రక్కనే అరిగియున్నచో కారణము అడుగుడు. మీకు తెలిసిన మెకానిక్కును వెంట తీసికొనిపోవుట అన్నిటికంటె మేలు.

ఇక బరువు సంగతి. ఆర్.సి. పుస్తకములో ఖాళీ బండి బరువు, సరకుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు రెండును వ్రాసియుండును. రెండవదాని నుండి మొదటిది తీసివేయగా మిగిలినదే మీరు వేయదగిన సరకు. వడ్లు 40 కిలోల బస్తాలు 25 వేసినచో ఒక టన్ను అగును. ప్రత్తి ఆకాశమంత ఎత్తు కనిపించును కాని బరువు తక్కువ. అందు బండి ఒరిగి పడు భయమే ఎక్కువ. గోదావరి ఇసుక దీనికి వ్యతిరేకము. ఒక ఘనమీటరు ఇసుక సుమారు 1,600 కిలోలు తూగును. ట్రాలీ సగము కూడ నిండకమునుపే పరిమితి దాటిపోవును. తగిన అనుమతి లేని ఇసుకతో పట్టుబడినచో బండియే పోవచ్చును.

పత్రముల విషయమున మన వారికి అశ్రద్ధ ఎక్కువ. స్వంత పంట మాత్రమే మోసినను ఇది చట్టము దృష్టిలో రవాణా వాహనమే; ఫిట్‌నెస్ పత్రము ఉండి తీరవలెను. బండి ఎనిమిదేండ్లు దాటిన పిదప దానిని ఏటేట పొందవలెను. 15 ఏండ్లు దాటిన బండ్లకు ఈ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి బాగుగా పెరిగినది. సరకుతో కలిపి 3,000 కిలోలకు మించని బండికి పర్మిటు అవసరము లేదు. తేలికపాటి వాహనపు లైసెన్సుతోనే, గరిష్ఠ బరువు 7,500 కిలోలకు మించని రవాణా బండిని నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో స్పష్టపరచినది.

గోదావరి దాటిన సిరోంచ మహారాష్ట్ర. అక్కడి బండి చౌకగా దొరకినదని వెంటనే తోలుకొని రావలదు. అక్కడి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము, బ్యాంకు అప్పు ఉండినచో అది తీరినట్లు పత్రము చేతికి వచ్చిన తరువాతనే పూర్తి సొమ్ము ఈయవలెను. అమ్మువారికిని ఒక మాట. పేరు మారనంత వరకు ప్రమాద బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. నలుగురు కలసి కొని ఒకరి పేర వ్రాయించుకొన్నచో ఆ బాధ్యత ఆ ఒక్కరి మీదనే పడును. మిగిలిన ముగ్గురు అతనికి ముందుగానే కాగితము వ్రాసి ఈయవలెను.

నేను ముఖ్యముగా చెప్పదలచినది కూలివారిని గురించి. మిర్చి ఏరు కాలమున తెల్లవారకముందే మన ఆడపడుచులు ట్రాలీలలో నిలుచుండి చేలకు పోవుట మీరందరు చూచుచున్నదే. సరకు బండి బీమా సరకు యజమానికి, అతని ప్రతినిధికి, బండిపై పనిచేయువారికి వర్తించును. ప్రయాణికులుగా ఎక్కిన వారికి పరిహారమిచ్చు బాధ్యత బీమా సంస్థపై లేదని సుప్రీంకోర్టు 2002లోనే నిర్ణయించినది. బండి బోల్తాపడినచో ఆ కుటుంబములకు చెల్లింపవలసినవాడు మీరే. చెల్లించుటకు మీకు భూమి తప్ప వేరేమి యున్నది? మీకు భూమి పోవును, వారికి మనిషి పోవును. కూలివారిని ఆటోలోనో, బస్సులోనో పంపుటకగు ఖర్చును బండి లెక్కలో తొలినాడే వ్రాసికొనుడు. అది వ్రాసిన తరువాత కూడ లాభము కనిపించినచో బండి కొనుడు. కనిపించనిచో కిరాయి బండియే చౌక.

మీలో ఎవరైనను బేరమాడిన బండి పత్రములను వెంట తెచ్చియుండినచో సభానంతరము చూపవచ్చును. నేను సాయంకాలము వరకు ఇచ్చటనే ఉందును.