సి.కె. నాయుడు: ప్రతిభకు దక్కవలసిన పీఠం
(సూరత్ నగరం, సలాబత్‌పురాలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వస్థలానికి దూరంగా వచ్చి, చేతిపనితోనే గౌరవం సంపాదించుకున్న తెలుగు నేతకార్మికులకు ఈ సూరత్ నగరం చిరపరిచితం. అదే రీతిగా తెలుగునాటికి వెలుపల జన్మించి, దేశానికే సారథ్యం వహించిన మహాక్రీడాకారుడు కొఠారి కనకయ్య నాయుడు గారిని గురించి ఈనాడు ప్రస్తావిస్తాను.

ఆయన 1895 అక్టోబరు 31న నాగపూరులోని ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆయన పేదవాడు కాడు, తండ్రి న్యాయవాది. అయినా క్రికెట్ రంగం ఆనాడు సంస్థానాధీశుల చేతిలో ఉండేది. వారి ముందు ఎంతటి నిపుణుడైనా ఆశ్రితుడే. నాయుడు గారు సైతం 1923లో ఇందూరు హోల్కర్ మహారాజు ఆహ్వానంపై ఆ సంస్థాన సైన్యంలో కొలువుకు చేరారు.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఆంగ్ల జట్టు బొంబాయికి వచ్చింది. జింఖానా మైదానంలో నాయుడు గారు రెండు గంటలు నిండకుండానే 11 సిక్సర్లతో 153 పరుగులు సాధించారు. పాలకుల ఆటలో పాలితుడు వారికి తీసిపోడని వేలాది జనం కళ్లారా చూశారు.

1932లో మన జట్టు ఇంగ్లండు వెళ్లినప్పుడు నాయకుడు పోరుబందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. ఇరువురూ ఈ గుజరాత్ ప్రాంతంవారే. లింబ్డీ గాయపడ్డారు, పోరుబందరు మహారాజు ఆటలో తన పరిమితిని గ్రహించి పక్కకు తప్పుకున్నారు. ఆ విధంగా జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టుకు నాయుడు గారు సారథి అయ్యారు. మన జట్టు ఓడినా, తొలి ఇన్నింగ్స్‌లో మనవారిలో అత్యధికంగా 40 పరుగులు ఆయనవే.

1936లో కథ తారుమారయింది. సారథ్యం విజయనగర రాజకుమారునికి దక్కింది. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులు. లాలా అమర్‌నాథ్ వంటి మేటి ఆటగాణ్ణి క్రమశిక్షణ పేరిట తొలి టెస్టుకు ముందే ఇంటికి పంపారు. నలభై ఏళ్ల నాయుడు గారు సామాన్య సభ్యునిగా ఆడి, తమ చివరి టెస్టులో దెబ్బ తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు.

మిత్రులారా! పని తెలిసినవాడు వెనుక, పరపతి గలవాడు ముందు. ఈ దృశ్యం మన కార్యాలయాలకు కొత్త కాదు. పోరుబందరు మహారాజు విజ్ఞత ప్రశంసనీయమే. అయితే ప్రతిభావంతుని స్థానం ఒకరి విజ్ఞతపై ఆధారపడరాదు. నియమం దానికి రక్ష కావాలి.

తదుపరి నాయుడు గారి సారథ్యంలో హోల్కర్ జట్టు నాలుగు పర్యాయాలు రంజీ ట్రోఫీ గెలిచింది. 1956లో పద్మభూషణ్ లభించింది. అరవై దాటిన వయస్సులోనూ ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ పోటీలలో ఆడారు. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు.

సంస్థానాలు పోయాయి. క్రీడాకారునికి నేడు రైల్వేలలో, తపాలా శాఖలో వేతనం, సర్వీసు నిబంధనలు గల ఉద్యోగం ఉంది. రైల్వే జట్టు 2001-02లోనూ, 2004-05లోనూ రంజీ విజేతగా నిలిచింది. ఆశ్రయం హక్కుగా మారిన ఫలితమిది. క్రీడాకారుల నియామకమైనా, మన పదోన్నతి అయినా సిఫారసుతో గాక అర్హతతోనే జరగాలని సంఘటితంగా కోరుదాం. నాయుడు గారి స్మృతికి అదే తగిన నివాళి.