పిహెచ్.డి. తర్వాతి ఆ కొన్నేళ్లు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, వాడిపట్టి)



నాయకరాజుల కాలంలో ఈ వైపు వచ్చి, సేద్యం చేసుకుంటూ ఇంట్లో తెలుగు నిలుపుకున్న కుటుంబాల పెద్దలు ఇక్కడున్నారు. మీ పిల్లల్లో పిహెచ్.డి. చేసినవాళ్లూ ఉన్నారు. "చదువైపోయింది కదా, ఉద్యోగమెప్పుడురా?" అంటే "పోస్ట్‌డాక్ చేస్తున్నా" అంటారు. అదేమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు. పిహెచ్.డి. తర్వాత కొన్నేళ్లు చేసే ఆ పరిశోధన చరిత్ర చెబుదామనే వచ్చాను.

1919లో అమెరికా జాతీయ పరిశోధన మండలి, రాక్‌ఫెల్లర్ సొమ్ముతో, డాక్టరేటు పొందిన భౌతిక, రసాయన శాస్త్రవేత్తలకు ఫెలోషిప్పులు మొదలుపెట్టింది. పాఠాలు చెప్పే బరువు లేకుండా కొన్నాళ్లు పరిశోధన మీదే ఉండనివ్వాలని ఉద్దేశం. తర్వాత వైద్యానికీ, జీవశాస్త్రానికీ అది విస్తరించింది.

ఆ కాలంలోనే, భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావుగారు 1923లో బోస్టన్ చేరారు. ఆస్పత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి పొట్టపోసుకున్నారు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి ప్రకటించారు. ద్రావణంలో మాలిబ్డేటు, ఆపైన మరో రసాయనం కలిపితే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఉన్నట్టు. కండరం నుంచి తీసిన ద్రావణంలో మాత్రం ఆ రంగు ఆలస్యంగా, కొద్దికొద్దిగా ఎక్కింది. కొలత చెడిందని పారబోయలేదు వాళ్లు. ఎందుకు ఆలస్యమవుతోందని వెంటపడ్డారు. ఆమ్లంలో విడిపోతూ భాస్వరాన్ని వదిలే కొత్త పదార్థం బయటపడింది: ఫాస్ఫోక్రియాటిన్, 1927.

1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. వచ్చింది. మరో పదేళ్లు హార్వర్డ్‌లోనే ఉన్నా శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్ ఆయన నడిపిన పరిశోధనల నుంచే వచ్చాయి. ఆ పదేళ్ల విలువ హార్వర్డ్ గుర్తించలేదన్నది నా దృఢమైన అభిప్రాయం.

మన దేశంలో, బయట చదివి తిరిగొచ్చినవాళ్లకు ఉద్యోగం దొరికేదాకా ఆసరాగా 1958లో సైంటిస్ట్స్ పూల్ పెట్టారు. 1966లో మనకు దగ్గర్లోనే మదురై విశ్వవిద్యాలయం వెలిసింది. మద్రాసులో పిహెచ్.డి. చేసిన ఎం.కె. చంద్రశేఖరన్ జర్మనీలో ట్యూబింగెన్‌లో ఎర్విన్ బ్యూనింగ్ దగ్గర, ప్రాణుల ఒంట్లోనే ఉండి రోజు వేళలను నడిపే జీవగడియారాల మీద పనిచేశారు. ఆ విద్యను తర్వాత మదురైకి తెచ్చారు. వెలుగు చొరబడని గుహలో గబ్బిలాన్ని బంధించి, ఆయనా శిష్యులూ దాని కదలికలు నమోదుచేశారు. పొద్దు కనబడకపోయినా, తోటి గబ్బిలాలు మేతకు వెళ్లి వచ్చే వేళలను బట్టి అది తన గడియారం సరిచేసుకుంటుందని 1981లో చూపారు. అలాంటి ప్రశ్నకు జవాబు రాబట్టాలంటే గుహ దగ్గర ఓపిగ్గా కాపలా ఉండాలి.

అంత ఓపికకు వ్యవధి కావాలి. ఇప్పటి జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ గడువు మాత్రం రెండేళ్లే. మొదటి నెలలు పరికరాలు, రసాయనాలు సమకూర్చుకోవడానికి పోతాయి. చివరి నెలలు తర్వాతి పని వెతుక్కోవడానికి చాలవు. గడువు కనీసం నాలుగేళ్లు చేయాలి. ఫెలోషిప్ సొమ్ము జీతంలాగే నెలనెలా చేతికందాలి. ఇక్కడున్న పెద్దలంతా సంతకాలు పెడితే ఈ విన్నపం ఢిల్లీకి పంపుదాం.