చాక్లెట్ బిస్కెట్ ముక్క, లెక్కలో మన కూలి

(కపిలేశ్వరపురంలో మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేం ఒక మిఠాయి గురించి చెబుతాం. కింద కొట్లో కొన్న బిస్కెట్ల పొడితో ఒక గట్టి పొర, దాని మీద చాక్లెట్ పాకం, ఆ పైన కొబ్బరి, జీడిపప్పు. చల్లారాక చతురంగా ముక్కలు కోస్తారు. పట్నం బేకరీల్లో దీన్నే చాక్లెట్ బార్ అని అమ్ముతున్నారు. దీనికి ఓవెన్ అక్కర్లేదు. మనందరిళ్లలో ఉన్న పొయ్యి, బాణలి, అట్లకాడ సరిపోతాయి. పిల్లల పుట్టినరోజులకీ, స్కూలు ఫంక్షన్లకీ అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి, "దీనికి సంఘంలో అప్పు తీసుకోవచ్చా?" అని చాలామంది సభ్యులు అడుగుతున్నారు. తీసుకోవచ్చు. కాకపోతే చేసే విధానంతో పాటు లెక్క కూడా నేర్చుకున్నాకే తీసుకోవాలి. ఆ లెక్కలో మన కూలి రాయకపోతే, అప్పు తీరుతుంది గానీ మన చేతికి ఏమీ మిగలదు. ఈ మాట గట్టిగా చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

కోకో మనకి కొత్త కాదు

చాక్లెట్ అనగానే అదేదో ఫారిన్ సరుకు అనుకుంటాం. మన కోనసీమలోనూ, గోదావరి జిల్లాల్లోనూ కొబ్బరి చెట్ల నీడలో అంతర పంటగా పెంచేది ఆ కోకోనే. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. కాయ కొమ్మ చివర కాకుండా మాను మీదే కాస్తుంది. పండిన కాయని కొట్టి, గింజలు తీసి, అయిదారు రోజులు కప్పి పులియబెట్టి, మధ్యలో తిరగేసి, తరవాత ఎండబెడతారు. ఆ పులియబెట్టడంలోనే చాక్లెట్ వాసనకి మూలం పడుతుంది. కాయలు కొట్టి గింజ తీసే పనిలో మన ఆడకూలీలు ఎంతమంది ఉన్నారో మీకు మేం చెప్పక్కర్లేదు.

ఎండు గింజ ధర 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా వెళ్ళింది. ఆఫ్రికాలో ఘనా, ఐవరీ కోస్ట్ దేశాల్లో పంట దెబ్బతినడం దానికి కారణం. మరుసటి ఏడాది 2025లో ధర దాదాపు సగానికి పడిపోయి మన రైతులు రోడ్డెక్కారు. గింజగా అమ్మినన్నాళ్ళూ ధర ఎక్కడో నిర్ణయమవుతుంది. తినే వస్తువుగా మార్చి అమ్మితే కొంత ధర మన చేతిలో ఉంటుంది. హైదరాబాదులో 2023లో మొదలైన 'మనం చాక్లెట్' అనే సంస్థ గోదావరి ప్రాంతపు కోకోతోనే చాక్లెట్ చేసి బయట దేశాల పోటీల్లో బహుమతులు తెచ్చుకుంది. వాళ్ళకి పెద్ద యంత్రాలున్నాయి, మనకి లేవు. గింజ నుంచి చాక్లెట్ తియ్యడం మన ఇప్పటి పని కాదు. కొట్లో దొరికే కోకో పొడితో మొదలుపెట్టడం మన వల్ల అయ్యే పని.

చేసే విధానం

ఒక ట్రే లెక్క చెబుతాం. ఎనిమిది అంగుళాల చతురపు ట్రే తీసుకోండి. దానికి మారీ లాంటి సాదా బిస్కెట్లు 250 గ్రాములు, బటర్ మొత్తం 130 గ్రాములు, కండెన్స్‌డ్ మిల్క్ సుమారు 400 గ్రాముల డబ్బా ఒకటి, తీపి లేని కోకో పొడి 40 గ్రాములు, ఎండు కొబ్బరి కోరు గుప్పెడు, జీడిపప్పు పలుకులు గుప్పెడు కావాలి. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి దీనికి పనికిరాదు. అందులో పంచదార ఎక్కువ, కోకో తక్కువ. ప్యాకెట్ వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదివే కొనండి.

ముందు బిస్కెట్లని మందపాటి శుభ్రమైన కవరులో వేసి అప్పడాల కర్రతో నలగ్గొట్టండి. మిక్సీ అయితే ఆపి ఆపి రెండు మూడుసార్లు తిప్పితే చాలు. బొంబాయి రవ్వ కంటే కాస్త బరకగా ఉండాలి. మరీ మైదాలా అయిపోతే ఎంత బటర్ పోసినా పీల్చేస్తుంది. 100 గ్రాముల బటర్ కరిగించి ఈ పొడిలో కలపండి. సరిపోయిందా లేదా అన్నది సున్నుండలు చుట్టిన చేతికే తెలుస్తుంది. పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో మీటితే విడిపోవాలి. నిలవకపోతే ఒక చెంచా బటర్ వెయ్యండి. వేళ్ళకి జిడ్డు కారుతుంటే ఇంకాస్త పొడి వెయ్యండి. క్రీమ్ బిస్కెట్లు వాడితే ఆ క్రీమ్‌లోనే కొవ్వు ఉంటుంది కాబట్టి బటర్ 60 గ్రాములతో మొదలుపెట్టి చూసుకోండి. బటర్ బదులు నెయ్యి వాడేవాళ్ళు 80 గ్రాములతో మొదలుపెట్టండి, నెయ్యిలో నీరు ఉండదు కదా.

ట్రేలో బటర్ పేపరు రెండువైపులా అంచులు పైకి వచ్చేలా పరవండి. తరవాత ఆ అంచులు పట్టుకునే మొత్తం పైకి లేపుతాం. పొడి పోసి, అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో గట్టిగా అదమండి. మూలలు మర్చిపోకూడదు. ముక్క విరిగిపోయేది ఎప్పుడూ మూలల్లోనే. అరగంట ఫ్రిజ్‌లో పెడితే బటర్ గడ్డకట్టి పొర నిలబడుతుంది.

ఈలోగా పాకం. కోకో పొడి జల్లించి, బాణలిలో కండెన్స్‌డ్ మిల్క్‌తో ఉండలు లేకుండా కలపండి. పొయ్యి వెలిగించకముందే కలపాలి. వేడి తగిలాక ఉండలు పోవు. మిగిలిన 30 గ్రాముల బటర్ వేసి సన్న మంట మీద అడుగంటకుండా తిప్పుతూనే ఉండండి. పది పన్నెండు నిమిషాలకి కోవాలాగా దగ్గరపడుతుంది. అట్లకాడతో గీస్తే బాణలి అడుగు కనబడి, పాకం నెమ్మదిగా మళ్ళీ కలుసుకోవాలి. కొబ్బరి లౌజు ఎక్కడ దించాలో తెలిసిన వాళ్ళకి ఇది ఒక్కసారిలో వచ్చేస్తుంది. ఇంకా ఉంచితే జీడిపాకంలా సాగి పళ్ళకి అంటుకుంటుంది. దించిన వెంటనే బిస్కెట్ పొర మీద పోసి సమంగా పరిచి, దోరగా వేయించిన కొబ్బరి, జీడిపప్పు జల్లి చేత్తో మెల్లగా అదమండి. పచ్చి కొబ్బరి వద్దు, తొందరగా పాడవుతుంది.

పూర్తిగా చల్లారాక రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. చాకుని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, కొయ్యండి. ప్రతి కోతకీ తుడవాలి. అటు నాలుగు, ఇటు నాలుగు కోస్తే పదహారు ముక్కలు, ఒక్కోటి సుమారు 50 గ్రాములు వస్తుంది.

రెండో రోజు నుంచి పాకంలో తేమ కిందికి దిగి బిస్కెట్ పొర మెత్తబడుతుంది. బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం, అంతకు మించి ఉంచవద్దు. మన మే నెల ఎండలో బటర్ కరిగి ముక్క జారిపోతుంది. కాబట్టి ఈ సరుకుకి మంచి కాలం కార్తీకం నుంచి శివరాత్రి దాకా. ద్రాక్షారామం, కోటిపల్లి వచ్చే జనం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ.

ఇప్పుడు లెక్క

ధరలు ఊరిని బట్టి మారతాయి. ఇవి పద్ధతి అర్థమవడానికి వేసిన అంకెలు, మీ కొట్లో ధరలు మీరు వేసుకోండి. బిస్కెట్లు 40, బటర్ 80, కండెన్స్‌డ్ మిల్క్ 145, కోకో 50, కొబ్బరి జీడిపప్పు 50, గ్యాసు 10, పదహారు ముక్కలకి కాగితం, లేబులు 32. మొత్తం 407 రూపాయలు. పదహారుతో భాగిస్తే ముక్కకి పాతిక రూపాయల పైచిలుకు.

ముక్క 40 రూపాయలకి అమ్ముతాం అనుకోండి. కొట్లో పెడితే కొట్టువాళ్ళు ముక్కకి 8 రూపాయలు ఉంచుకుంటే మనకి 32 వస్తుంది. "ముక్కకి ఆరున్నర మిగిలింది" అని సంతోషిస్తాం. మరి కొట్టుడు, తిప్పుడు, కోత, చుట్టడం, గిన్నెలు కడగడం కలిపి రెండు గంటల పని ఎవరు చేశారు? పొలం పనికి వెళ్తే కూలి అడిగి తీసుకుంటాం. ఇంట్లో పొయ్యి దగ్గర చేసేసరికి అది పనే కాదన్నట్టు వదిలేస్తాం. గంటకి 60 చొప్పున 120 రూపాయలు రాయండి. ఖర్చు 527 అవుతుంది, ముక్కకి 33 పడుతుంది. మనకొచ్చేది 32. అంటే ప్రతి ముక్కకీ రూపాయి నష్టం. మిగిలిందనుకున్న ఆరున్నర మన కూలిలోంచి వచ్చిందే.

అలాగని మానెయ్యక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి నాలుగు ట్రేలు చేస్తే అందరి గంటలూ కలిపి అయిదుకి మించవు. కూలి 300, సరుకు 1628, మొత్తం 1928. అరవై నాలుగు ముక్కలకి కొట్టు నుంచి 2048 వస్తే, కూలి పోను 120 మిగులుతుంది. నాలుగు ముక్కలు అమ్ముడుపోకపోతే ఆ 120 కూడా పోయినట్టే. అందుకే ముందు ఆర్డరు, తరవాత పొయ్యి. అదే ముక్కలు మన స్టాలులో మనమే 40కి అమ్మితే 2560 వస్తుంది, కూలి పోను 632 మిగులుతుంది. స్టాలు దగ్గర కూర్చున్న వాళ్ళ గంటలు కూడా అందులోంచి తియ్యాలి, మర్చిపోకండి.

ప్యాకెట్ మీద నిజం

అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వెయ్యాలి. సరుకు పేరు, పదార్థాలు, బరువు, ధర, చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలి, చేసినవారి చిరునామా, శాకాహారం గుర్తు ఉండాలి. గోధుమ, పాలు, జీడిపప్పు ఉన్నాయని విడిగా రాయాలి, అవి పడని పిల్లలుంటారు. బిస్కెట్‌లో సోయా ఉంటే అదీ రాయాలి. బిస్కెట్ కొన్నదే అని చెప్పడానికి సిగ్గు అక్కర్లేదు. కానీ ఆ కంపెనీ పేరు, బొమ్మ మన ప్యాకెట్ మీదికి రాకూడదు. "అంతా ఇంట్లో చేసింది" అని రాయకూడదు.

మన పక్కనే ఆత్రేయపురం ఉంది. అక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండ మీద రేకు తీసే చెయ్యి ఆడవాళ్ళదే. ఆ పని మరో ఊరివాళ్ళకి అంత తేలిగ్గా రాదు, అందుకే దానికి ఆ ధర. చాక్లెట్ బిస్కెట్ ముక్క అలాంటిది కాదు, ఎవరైనా వారంలో నేర్చుకోగలరు. రేపు పక్క వీధిలో ఇంకొకరు మొదలుపెట్టి రెండు రూపాయలు తగ్గించి అమ్ముతారు. అప్పుడు మనం మన కూలి తగ్గించుకుని పోటీ పడితే ఇద్దరం మునుగుతాం. మన కొబ్బరి, శుభ్రత, చెప్పిన రోజుకి ఇవ్వడం, వీటి మీదే మన సరుకు నిలబడాలి.

అప్పు సంగతి

మొదటి నాలుగు ట్రేల సరుకుకి రెండువేల లోపే అవుతుంది. దానికి బ్యాంక్ లింకేజీ దాకా వెళ్ళక్కర్లేదు, సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పు చాలు. పది ఆర్డర్లు సక్రమంగా ఇచ్చాక, కూలి పోను మిగులు పుస్తకంలో కనబడ్డాకే ఫ్రిజ్‌కో, పెద్ద మిక్సీకో అప్పు ఆలోచించాలి. కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ఆహార తయారీ చేసే సంఘ సభ్యురాలికి 40 వేల దాకా ప్రారంభ పెట్టుబడి అని నిబంధన ఉంది. అది సమాఖ్య ద్వారా అప్పుగా వస్తుంది, తిరిగి కట్టాలి. ఇప్పుడు దొరుకుతుందో లేదో వెలుగు ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

చివరగా సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, ఆహార తయారీకి అప్పు అడిగే ప్రతి సభ్యురాలి లెక్కలో "మా కూలి" అనే గడి ఉండాలి, అది ఖాళీగా ఉంటే అప్పు కాగితం ముందుకి వెళ్ళకూడదు. రెండు, ఆ కూలి డబ్బు చేసినవాళ్ళ సొంత ఖాతాలో పడాలి, ఇంటి ఖర్చుల్లో కలిసిపోకూడదు. మూడు, మండలంలో ఈ సరుకు చేసే సంఘాలన్నీ ఒకే కనీస ధర పాటించాలి. మీకు సమ్మతమైతే మినిట్స్‌లో రాయించమని అధ్యక్షురాలు గారిని కోరుతున్నాం. నేర్చుకోవాలనుకునే వాళ్ళు మీ వీఓఏ దగ్గర పేరు ఇవ్వండి, ఊరూరా వచ్చి చేసి చూపిస్తాం.