టైగర్ మాత్ మోడల్: వంకర అనుకుని నేను చేసిన తప్పు

ఇదిగో, నా అరచేతిలో ఉన్న ఈ చిన్న పసుపు విమానం చూశారా? దీని పేరు టైగర్ మాత్. బ్రిటన్‌లో డి హావిలాండ్ కంపెనీ తయారుచేసిన ట్రైనర్ విమానం. 1931లో మొదటిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధంలో వేలమంది పైలట్లు మొదట నేర్చుకున్నది దీని మీదే. మన హైదరాబాద్ బేగంపేటలో కూడా అప్పట్లో దీంతో శిక్షణ ఇచ్చారు.

ఇది 1/72 స్కేల్ మోడల్. అంటే అసలు విమానం దీనికి 72 రెట్లు పెద్దది. అసలు దాని రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకి 8.94 మీటర్లు. 72తో భాగిస్తే దాదాపు 12.4 సెంటీమీటర్లు. మీ ఫోన్ కంటే చిన్నదే!

అయితే ఇది నా రెండో టైగర్ మాత్. మొదటిదాని కథే ఈ రోజు చెప్పాలి.

ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఆ కిట్ కొన్నాను. ఇంట్లో "బొమ్మలకి ఇంత డబ్బా?" అన్నారు. ఎలాగైనా బాగా చేసి చూపించాలని పట్టుదల. బాడీ అయింది, కింది రెక్క అయింది. పైరెక్కని మోసే చిన్న కడ్డీలు ఉంటాయి, వాటిని స్ట్రట్స్ అంటారు. అవి అతికిస్తే అన్నీ ముందుకి వాలి ఉన్నాయి. "అరె, వంకరగా వచ్చాయే" అనుకున్నా. బలవంతంగా నిటారుగా లాగి గమ్ పెట్టేశాను. పైరెక్క పెట్టబోతే ఒక్కటీ కూర్చోదు. ప్లాస్టిక్ గమ్ మామూలు జిగురు కాదండీ, ప్లాస్టిక్‌నే కొంచెం కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. లాగితే స్ట్రట్ విరిగింది. డబ్బా అటకెక్కింది. ఎనిమిది నెలలు దాని మొహం చూడలేదు.

తర్వాత ఒకరోజు అసలు విమానం గురించి చదివితే విషయం అర్థమైంది. టైగర్ మాత్‌లో ముందు సీటు ఇన్‌స్ట్రక్టర్‌ది, వెనక సీటు స్టూడెంట్‌ది. పాత మోడల్‌లో ముందు సీటు సరిగ్గా పైరెక్క కింద ఉండేది. ప్రమాదం వస్తే పారాచూట్‌తో బయటికి దూకడం కష్టం. అందుకని పైరెక్కని ముందుకి జరిపారు. అలా జరిపితే బ్యాలెన్స్ పోతుంది కాబట్టి రెక్కల్ని కొంచెం వెనక్కి వంచారు. అంటే నేను వంకర అనుకున్నది ఒక మనిషి ప్రాణం కోసం చేసిన మార్పు! దాన్ని నేను "సరిచేశాను".

అందుకే ఇప్పుడు నా పద్ధతి ఇది. ముందు అసలు విమానం ఫోటోలు పక్కనుంచి, ముందునుంచి చూస్తాను. గమ్ లేకుండా ముక్కలన్నీ ఒకసారి పెట్టి చూస్తాను. అట్టముక్కని కత్తిరించి స్ట్రట్స్ వాలు అదే కోణంలో నిలిచేలా ఆసరా చేస్తాను. రాత్రంతా ఆరనిస్తాను. గమ్ వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి, మర్చిపోవద్దు.

పసుపు రంగుకి ఒక చిట్కా. బూడిదరంగు ప్లాస్టిక్ మీద నేరుగా వేస్తే మురికిగా వస్తుంది. ముందు తెల్ల ప్రైమర్, తర్వాత పల్చగా రెండు మూడు కోట్లు.

రెక్కల మధ్య తీగల కోసం రంధ్రాలు పైరెక్క అతికించకముందే వేసుకోండి. అసలు తీగ 5 మిల్లీమీటర్లు అనుకుంటే మోడల్‌లో 0.07 మిల్లీమీటర్లు రావాలి. దాదాపు వెంట్రుక మందం! మామూలు కుట్టుదారం పెడితే తాళ్లు కట్టినట్టుంటుంది.

ఇంకొకటి. పైలట్ బొమ్మ ఒక్కటే పెడితే వెనక సీట్లో పెట్టండి. ఒంటరిగా ఎగిరేటప్పుడు అక్కడి నుంచే నడుపుతారు.

మొదటి మోడల్ పారెయ్యలేదు. ఇదిగో, విరిగిన స్ట్రట్‌తో దీని పక్కనే షెల్ఫ్‌లో ఉంటుంది. ఏదైనా వంకరగా కనిపిస్తే లాగేముందు, అలా ఎందుకు చేశారో ఒక్కసారి అడగమని అది నాకు గుర్తుచేస్తుంది.

మీరు పాడుచేసిన మొదటి మోడల్ ఏదో కామెంట్లో చెప్పండి. సిగ్గుపడకండి, అందరం అక్కడే మొదలుపెట్టాం. మళ్లీ కలుద్దాం, బై.